వెన్నుపాముకు దెబ్బ తగిలితే పరిహారం ఎలా లెక్కిస్తారు?

ప్రశ్న: మా తమ్ముడికి 32 ఏళ్లు, టైల్స్ పని. లారీ గుద్దడంతో వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడింది. వైకల్య సర్టిఫికెట్‌లో 75 శాతం అని ఉంది. బీమా కంపెనీ 8 లక్షలకు రాజీ అంటోంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: తొందరపడకండి, అది చాలా తక్కువ. లోక్ అదాలత్‌లో రాజీకి సంతకం పెట్టాక అప్పీలు కూడా ఉండదు.

అసలు కీలకం ఆ 75 శాతం. అది శరీరానికి వేసిన లెక్క. ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) చూడాల్సింది సంపాదన ఎంత పోయిందని. రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కూర్చుని లేచి చేసే టైల్స్ పనికి కాళ్లు పనిచేయకపోతే నష్టం నూరు శాతమే అని వాదించాలి. నెలకు 15 వేల ఆదాయం రుజువైతే ఏడాదికి 1.80 లక్షలు, భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపితే 2.52 లక్షలు. ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది నష్టాన్ని హెచ్చవేసే అంకె, 16. ఆదాయ నష్టమే 40.32 లక్షలు!

వైద్యం ఖర్చు, వీల్‌చైర్, నొప్పికి పరిహారం వేరు. చాలామంది వదిలేసేది సహాయకుడి ఖర్చు. అమ్మో, భార్యో చూసుకుంటున్నా అడగండి. 2020 నాటి కాజల్ కేసులో దానికీ గుణకం పద్ధతే వాడారు.

చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి, మీరు ఉండే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు. ఎఫ్ఐఆర్, డిశ్చార్జ్ సమ్మరీ, ఎమ్మారై, బిల్లులు దాచండి. సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, వైద్యం చేసిన డాక్టరును సాక్షిగా పిలిపించమని లాయరుకు ఇప్పుడే చెప్పండి.