బండిని రీమ్యాప్ చేయిస్తే ఘాట్ తేలికవుతుందా?

ప్రశ్న: నాది 2021 మోడల్ బీఎస్6 డీజిల్ వ్యాన్, 17 సీట్లు. విశాఖ నుంచి అరకుకు టూరిస్టులను తిప్పుతాను. ఫుల్ లోడ్ మీద అనంతగిరి ఘాట్‌లో బండి లాగడం లేదు, చాలాచోట్ల రెండో గేరులోనే ఎక్కాల్సి వస్తోంది. ఇంజిన్ రీమ్యాప్ చేయిస్తే, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్పిస్తే, పికప్, మైలేజీ రెండూ పెరుగుతాయని ట్యూనింగ్ షాపు వాళ్లంటున్నారు. చేయించమంటారా?
ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తమ్ముడూ, బండి కొన్నప్పటి నుంచీ ఇంతేనా, ఈమధ్యే లాగడం తగ్గిందా? ఈమధ్యే అయితే రీమ్యాప్ మాట పక్కన పెట్టండి. ఆటోనగర్‌లో డీజిల్ పంపుల పని చేసినప్పటి నుంచి చూస్తున్నాను, పికప్ లేదంటూ వచ్చే బండ్లలో చాలా వాటికి కారణం చిన్నదే. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో హోస్ పగిలి గాలి లీకవుతుంది, క్లిప్పు దగ్గర నూనె తడి చూసి పట్టుకోవచ్చు. డీజిల్ ఫిల్టర్ పూడుకుపోతుంది, పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌కు మసి పడుతుంది. ట్రిప్పు దిగాక ఒక చక్రం మాత్రమే బాగా వేడెక్కి ఉంటే ఆ బ్రేకు పట్టేసిందని అర్థం. వీటిని వదిలేసి రీమ్యాప్ చేస్తే జబ్బున్న ఇంజిన్ మీద ఇంకా భారం వేసినట్టే.

ఇవన్నీ బాగున్నాయనుకుందాం. అప్పుడు రీమ్యాప్‌తో పికప్ పెరిగే మాట నిజమే. ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ)లో డీజిల్ ఎంత, ఎప్పుడు చిమ్మాలి, టర్బో ప్రెషర్ ఎంత ఉండాలి అనే లెక్కలు మార్చి టర్బో డీజిల్‌లో 20 నుంచి 30 శాతం వరకూ అదనపు టార్క్ (లాగే బలం) రాబట్టగలరు. రెండో గేరు చోట మూడో గేరు పడుతుంది. డ్రైవర్‌కు అది ఎంత హాయో నాకు తెలుసు.

మైలేజీ మాట మాత్రం నమ్మకండి. మనుషులు, లగేజీతో కలిపి నాలుగు టన్నుల బండి అరకు దాకా దాదాపు 900 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఆ ఎత్తుకు కావాల్సిన శక్తి సుమారు 35 మెగాజౌళ్లు, అంటే ఒక లీటరు డీజిల్‌లో ఉండే మొత్తం శక్తి. ఇంజిన్ అందులో మూడో వంతే చక్రాలకు ఇవ్వగలదు కాబట్టి ఎత్తు ఎక్కడానికే మూడు లీటర్లు పోతాయి. మ్యాప్ మార్చినంత మాత్రాన కొండ ఎత్తు తగ్గదు. టార్క్ ఉంది కదా అని గట్టిగా తొక్కితే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

నన్ను భయపెట్టేది వేడి. ఘాట్‌లో బండి నెమ్మదిగా వెళ్తుంది, రేడియేటర్‌కు ఎదురుగాలి తక్కువ. సరిగ్గా అక్కడే అదనపు డీజిల్ మండి ఎగ్జాస్ట్ వేడి పెరిగితే దెబ్బ టర్బోకీ పిస్టన్లకీ తగులుతుంది. అదనపు టార్క్‌కు క్లచ్ జారడం మొదలవుతుంది. మీది బీఎస్6 బండి, పొగ పెరిగితే ఆ మసి అంతా పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్)లో చేరి అది పూడుకుపోతుంది. ‘డీపీఎఫ్ తీసేస్తాం, స్పీడ్ గవర్నర్ లాక్ కూడా తీసేస్తాం’ అనే షాపులో ఒక్క నిమిషం కూడా ఉండకండి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీ వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడాగా మారేలా బండిలో మార్పులు చేయకూడదు. వారంటీ పోవచ్చు. ప్రమాదం జరిగితే, చెప్పకుండా చేయించిన మార్పు చూపించి ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్‌కు అడ్డుపడవచ్చు. వెనక పదిహేడు మంది ప్రాణాలు పెట్టుకుని తిప్పే బండికి ఆ టెన్షన్ ఎందుకు? నేనైతే చేయించను. మీరూ చేయించకండి. రెండో గేరులోనే ఎక్కండి, ఇంజిన్ వేడి ముల్లు మీద కన్నేసి ఉంచండి.

ప్రశ్న: రీమ్యాప్ బదులు వైరుకు తగిలించే ట్యూనింగ్ బాక్స్ మేలు కదా? ఎప్పుడైనా తీసేయవచ్చు.
అదే పాఠకుడు

జవాబు: అది ఇంకా ప్రమాదం. చాలా బాక్సులు రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే పైపులో ఒత్తిడి) ఉన్నదానికన్నా తక్కువ ఉందని ఈసీయూకు అబద్ధం చెబుతాయి. అది నిజమనుకుని ఈసీయూ ప్రెషర్ పెంచుతుంది. అసలు ప్రెషర్ ఎంతో తెలియని ఈసీయూ ఇంజిన్‌ను కాపాడలేదు. బాక్స్ తీసేయగలరు గానీ, ఈలోపు అరిగిన ఇంజెక్టర్లు, హైప్రెషర్ పంపు మళ్లీ మామూలుగా అవ్వవు.