‘మిస్సమ్మ’లో రమణారెడ్డిగారు లావుగా కనిపిస్తున్నారంటే

కావలిలో మీరు కొన్న కొత్త టీవీలో ‘మిస్సమ్మ’ పాత డీవీడీ వేస్తే అందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారనీ, డిస్కు పాడైందేమోననీ రాశారు. డిస్కులో లోపమేమీ లేదు. 1955 నాటి ఆ చిత్రంలో బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ నిష్పత్తి దాదాపు 4:3 కాగా మీ టీవీది 16:9 కావడం వల్ల, అది బొమ్మను అడ్డంగా మూడో వంతు సాగదీసి తెరంతా నింపుతోంది. అప్పు కోసం సావిత్రి వెంటపడే డేవిడ్ వేషంలో మన నెల్లూరు జిల్లా రమణారెడ్డిగారు, వెదురుబద్దలాంటి ఆ మనిషి, మా ఇంట్లోనూ మొదటిసారి పహిల్వానులా కనిపించారు.

టీవీ రిమోట్‌తో పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి బొమ్మ సైజును 4:3కి మార్చండి. ఇరువైపులా నల్లని పట్టీలు వస్తాయి, అవి ఉండవలసినవే. ‘జూమ్’ మాత్రం పెట్టకండి, తలలు తెగిపోతాయి. హెచ్‌డీఎంఐ కేబులుతో కలిపినప్పుడు కొన్ని ప్లేయర్లు బొమ్మను తామే సాగదీసి పంపుతాయి కనుక, టీవీలో మార్చినా ఫలితం లేకపోతే ప్లేయర్ సెటప్ మెనూలోనూ ఇదే మార్పు చేయవలసి ఉంటుంది. సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి, ఏ సన్నివేశంలోనైనా ఎదురుగా కనిపించే పళ్ళెమో చక్రమో గుండ్రంగా ఉందేమో చూడండి.