రేసుకే వెళ్ళని రేసు కారు

ప్రశ్న: ఫ్రాన్స్‌లో జరిగే లీ మాన్స్ 24 గంటల రేసు కోసమని జాగ్వార్ వాళ్ళు ఎక్స్‌జే13 అనే కారు చేసి, ఒక్క రేసులో కూడా దింపలేదట కదా. అంత కష్టపడి చేసి ఎందుకు మూలన పెట్టారు? స్పీడ్ చాలకనా?

జవాబు: స్పీడ్‌కేం లోటు లేదండీ. 1967లో రేస్ డ్రైవర్ డేవిడ్ హాబ్స్ దాన్ని ఇంగ్లండ్‌లోని మీరా (MIRA) టెస్ట్ ట్రాక్ మీద తిప్పితే ల్యాప్ సగటు గంటకి 161 మైళ్ళు దాటింది, మన లెక్కలో దాదాపు 260 కిలోమీటర్లు. గమనించారా, అది టాప్ స్పీడ్ కాదు, సగటు! బ్రిటన్‌లో ఆ ల్యాప్ రికార్డు ముప్పై ఏళ్ళకి పైగా అలాగే ఉండిపోయింది.

దెబ్బంతా టైం దగ్గరే పడింది. 1950ల్లో జాగ్వార్ కార్లు లీ మాన్స్ ఐదుసార్లు గెలిచాయి, మళ్ళీ అక్కడికి వెళ్దామనుకుని డ్రైవర్ వెనకాల 5 లీటర్ల వీ12 (పన్నెండు సిలిండర్ల) ఇంజన్ పెట్టి, అంతకుముందు విమానాల కంపెనీలో పనిచేసిన మాల్కమ్ సేయర్ చేత బాడీ డిజైన్ చేయించి, తాపీగా 1966కి బండి రెడీ చేశారు, ఈలోపు ఫోర్డ్ వాళ్ళు 7 లీటర్ల ఇంజన్‌తో వచ్చి ఆ ఏడాది లీ మాన్స్ ఎగరేసుకుపోయారు. అదే ఏడు జాగ్వార్ వెళ్ళి బీఎంసీలో (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అనే కార్ల కంపెనీలో) కలిసింది. ఆపైన 1968 నుంచి ప్రోటోటైప్‌లకి, అంటే అమ్మకానికి కాకుండా రేసు కోసమే చేసే కార్లకి, 3 లీటర్ల ఇంజనే అని రూల్ వచ్చింది. పెద్ద ఇంజన్ కావాలంటే కనీసం 50 కార్లు చేసి చూపించాలి, వీళ్ళు చేసింది ఒక్కటి!

ప్రశ్న: మరి దానికి యాక్సిడెంట్ అయిందంటారు, రేసే లేనప్పుడు ఎలా?

జవాబు: షూటింగ్‌లో అయిందండీ. 1971 జనవరిలో జాగ్వార్ వాళ్ళ కొత్త వీ12 ఈ-టైప్ కారు ప్రచార ఫిల్మ్ కోసం దీన్ని బయటికి తీశారు. అదే మీరా ట్రాక్ మీద టెస్ట్ డ్రైవర్ నార్మన్ డూయిస్ మంచి స్పీడ్‌లో ఉండగా వెనక చక్రం దెబ్బతిని బండి పల్టీలు కొట్టింది. ఆయన ఇగ్నిషన్ ఆపేసి డాష్‌బోర్డు కిందకి ముడుచుకుపోయాడు, పెద్ద దెబ్బలేమీ లేకుండా బయటపడ్డాడు, కారు మాత్రం నుజ్జునుజ్జు. బాడీ చేసిన అచ్చులు ఇంకా ఉండబట్టి తర్వాత మళ్ళీ కట్టారు. ఇప్పుడు ఇంగ్లండ్‌లోని గేడన్‌లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉన్నది అదే, కాకపోతే అచ్చుగుద్దినట్టు పాతదానిలా లేదు, పాత ఫోటోలు పక్కన పెట్టి చక్రాల పైన వంపులు చూడండి, తేడా మీకే కనిపిస్తుంది.