కయాక్ కొనే ముందు నీ ఒళ్లు కొలుచుకో

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అరగంట నన్ను తిట్టాడు. నువ్వు కయాక్, అదే తెడ్డుతో నడిపే ఆ సన్నటి పడవ, కొనుక్కుని ఆగస్టులో సియాటెల్ వైపున్న శాన్ వాన్ దీవులకి క్యాంపింగ్‌కి పోతానన్నావట, ఈ పిచ్చి పెట్టింది నేనేనట. వాడు తిడుతున్నంతసేపూ లోపల నాకు గర్వంగానే ఉంది. పడుకున్నాక భయం మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. లైఫ్ జాకెట్ ఒంటి మీదుండాలి, పడవలో కాదు. ఆ నీళ్లు వేసవిలో కూడా చల్లగానే ఉంటాయి, ఒంటికి నీరు తగలనివ్వని డ్రైసూట్ లేకుండా దిగొద్దు. ఆటుపోట్ల టేబుల్ చూడకుండా బయల్దేరకు. ఒంటరిగా అసలే వద్దు.

ఇక నువ్వు పంపిన ఫొటోలు. ఆ పది అడుగుల పొట్టి పడవ చెరువులకి. దానికి లోపల నీళ్లని ఆపే అడ్డగోడ సీటు వెనక మాత్రమే ఉంది, కాళ్ల ముందు లేదు. తిరగబడిందంటే ముందు భాగమంతా నీళ్లు నిండి ముక్కు కిందికి దిగిపోతుంది, పడవ నీళ్లలో నిలువుగా నిలబడుతుంది. దాన్ని తోడి మళ్లీ ఎక్కడం నీ వల్ల కాదు, నా వల్లా కాదు. ముందూ వెనకా అడ్డగోడలు లేని పడవ ఎంత చవకైనా చూడకు. రుషికొండలో నువ్వు నేర్చుకున్న సిట్-ఆన్-టాప్, అంటే పడవ మీదే కూర్చునే రకం, మన జాలర్ల తెప్పకి చుట్టం. మీద పడ్డ నీరు దారి చూసుకుని పోతుంది, పడితే పాక్కుంటూ ఎక్కేయొచ్చు. వైజాగ్ వెచ్చటి నీళ్లకి అది హాయి. అక్కడ మాత్రం రోజంతా తడుస్తూ కూర్చుంటే వణికి చస్తావు.

నీ మనసంతా ఆ పొడుగాటి నార్డ్‌క్యాప్ కయాక్ మీద ఉందని తెలుస్తూనే ఉంది. మంచి వంశమే. 1975లో ఫ్రాంక్ గుడ్‌మన్ నార్వే ఉత్తర కొస దాకా పోయే యాత్ర కోసం గీసిన డిజైన్ అది, 1977లో దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ కూడా చుట్టొచ్చింది. కానీ వారాలకి సరిపడా సరుకు మోయడానికి పుట్టిన పడవ. బరువేస్తే కుదురుగా ఉంటుంది, ఖాళీగా ఉంటే అటూ ఇటూ ఆడుతుంది. నువ్వు ఏడాదిలో క్యాంపింగ్‌కి పోయేది ఎన్ని రోజులు? మిగతా శనివారాలన్నీ ఒక నీళ్ల సీసా, ఒక పులిహోర డబ్బాతోనే కదా పోతావు!

ఇక్కడ మీ మావయ్య ఘనకార్యం చెప్పాలి. మా సియాటెల్ రోజుల్లో నాకు చెప్పకుండా ఒక సెకండ్ హ్యాండ్ కయాక్ కొనుక్కొచ్చారు. 17 అడుగుల పొడవు, 24 అంగుళాల వెడల్పు. వెడల్పుంటే పడిపోను, పొడుగుంటే సామానంతా పడుతుంది, ఇదీ ఆయన లెక్క. కొనే ముందు అందులో కూర్చుని చూసింది ఎవరు? ఆరడుగుల ఆయన! నేను కూర్చుంటే డెక్కు దాదాపు చంకల దాకా వచ్చింది. మోకాళ్లు పైన ఆనాల్సిన చోట ఆనలేదు. నడుముకి అటూ ఇటూ బెత్తెడేసి ఖాళీ. తెడ్డు వేసినప్పుడల్లా వేళ్ల కణుపులు అంచుకి కొట్టుకునేవి.

ఆ శాన్ వాన్ దీవుల్లోనే, జోన్స్ దీవిలో ఒక రాత్రి ఉండి పక్క దీవిలోని డీర్ హార్బర్‌కి తిరిగొస్తున్నాం. వెళ్లేటప్పుడు టెంటూ నీళ్ల సంచులూ ఉన్నాయి కాబట్టి పడవ బుద్ధిగానే నడిచింది. వచ్చేటప్పుడు నాకు తేలిగ్గా ఉంటుందని సామానంతా ఆయన పడవలో వేసుకున్నారు. సగం దూరం వచ్చామో లేదో దక్షిణం గాలి లేచింది. మేం పోవాల్సింది తూర్పుకి, నా పడవ ముక్కేమో దక్షిణానికి తిరిగిపోతోంది. కయాక్ ముందుకి పోతున్నప్పుడు ముక్కుని నీళ్లు గట్టిగా పట్టుకుంటాయి, వెనక భాగానికి ఆ పట్టు ఉండదు, గాలి దాన్ని పక్కకి తోసేస్తుంది. పైగా నా బరువుకి ఆ పెద్ద పడవ మునగాల్సినంత మునగలేదు, గాలికి గోడంత దొరికింది. ముక్కుని దారిలో పెట్టడానికి కుడివైపే తెడ్డు వేసీ వేసీ చెయ్యి పడిపోయింది. స్కెగ్, అంటే వెనక అడుగు నుంచి నీళ్లలోకి దించే రెక్క, దించితే వెనక భాగం నిలబడేది, మీట నెడితే కదల్లేదు. చివరికి మావయ్య తాడు కట్టి లాక్కొచ్చారు. ఒడ్డున పడవ బోర్లించి స్కెగ్ గాడిలో పిన్నీసు పెట్టి కెలికితే శనగగింజంత గులకరాయి ఊడిపడింది. తప్పంతా ఆ రాయిదేనని ఆయన ఇప్పటికీ అంటారు.

గ్రీన్‌లాండ్ వేటగాళ్లు పడవ కట్టుకునేటప్పుడు కొలతలు ఒంటితోనే తీసుకునేవారు. పొడవు మూడు బారలు, వెడల్పు నడుముకి రెండు పిడికిళ్లు ఎక్కువ. నీ ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. చిన్న ఒంటివాళ్ల కోసం ‘లో వాల్యూమ్’ అని అమ్మేవి చూడు, 15-16 అడుగుల పొడవు, 21-22 అంగుళాల వెడల్పు చాలు. పొడవు తగ్గితే పరుగులో కొంచెం వెనకబడతావు, నిజమే. కానీ ఆ పైవేగం అందుకోవడానికి కావలసిన కండ నీకూ నాకూ లేదు, మామూలు నడకలో పొడుగు పడవ నీటి రాపిడి మోయడమే మిగులుతుంది.

అడుగు భాగం చదునుగా ఉన్న పడవ షాపువాళ్ల కొలనులో బల్లలా నిలకడగా ఉందని మురిసిపోకు. అల ఎటు వాలితే చదును అడుగు అటే వాలుతుంది. కాస్త గుండ్రంగా ఉన్నది మొదటి గంట టెన్షన్ పెడుతుంది, తర్వాత నీ నడుం దానికి అలవాటు పడుతుంది.

స్కెగ్గా, చుక్కానా అని గొడవపడేవాళ్లు ఉంటారు. చుక్కానైతే కాళ్లతో సర్దుకోవచ్చు, కాకపోతే కేబుళ్లు తెగుతాయి, కొన్నింటిలో పెడల్ కదులుతుంటే కాలికి గట్టి ఆనిక దొరకదు. నా ఓటు స్కెగ్‌కే. దాని కొసన చిన్న రంధ్రం ఉంటే నూలుతాడు ముడి వేసి వేలాడదియ్యి, రాయి ఇరుక్కుంటే పక్కవాళ్లు లాగుతారు. లేకపోతే రంధ్రం వేయించు. ఇది మాత్రం మర్చిపోకు తల్లీ.

ప్లాస్టిక్ బరువెక్కువ, కానీ రాళ్ల ఒడ్డుకి భయపడదు. ఫైబర్‌గ్లాస్ తేలిక, గీతలు పడితే మనసు చివుక్కుమంటుంది. మొదటిది ప్లాస్టిక్కే కొను, ఎండలో కారు మీద గట్టిగా బిగించి వదిలెయ్యకు, సొట్ట పడుతుంది. అద్దెకి తీసుకుని గాలి ఉన్న రోజే నడిపి చూడు. స్కెగ్ ఎత్తేసి, గాలికి అడ్డంగా. అమ్మేవాడు ప్రశాంతమైన పొద్దున రమ్మంటే పనుందని చెప్పు.

డ్రైసూట్‌కి సగం డబ్బు నేను పంపుతున్నాను. మీ నాన్నకి చెప్పకు, మళ్లీ అరగంట నేనే వినాలి.

నీ అత్త