చిల్లర లేదు మేడం

"బీఈడీ అయింది, హైదరాబాద్‌లో టీచర్‌గా చేరాలా వద్దా, నిజంగా ఎలా ఉంటుంది" అని అడిగారు కదా. నేను లెక్కల టీచర్‌ని. తొమ్మిదేళ్లు దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో చేశాను, ఇప్పుడు సర్కారు హైస్కూల్లో ఉన్నాను.

ప్రైవేటులో జీతం సంగతి ముందే తేల్చుకోండి. మాకు పది నెలలకే ఇచ్చేవాళ్లు, పైగా ఏప్రిల్ ఎండల్లో అడ్మిషన్ల కోసం పాంప్లెట్లు పట్టుకుని ఇంటింటికీ తిరగాలి. "మా టార్గెట్ ఇంత" అని మేనేజ్‌మెంట్ అడుగుతుంటే నేను టీచర్నా సేల్స్‌గర్ల్‌నా అనిపించేది. సర్కారులో జీతం బాధ లేదు గానీ అందులోకి రావడమే ఒక తపస్సు. 2017లో టీఆర్‌టీ, అంటే సర్కారు టీచర్ పోస్టుల పరీక్ష, నోటిఫికేషన్ పడితే నా చేతికి పోస్టింగ్ ఆర్డర్ వచ్చేసరికి 2019. మళ్లీ పెద్ద డీఎస్సీ (అదే పోస్టుల పరీక్షకి ఇంకో పేరు) 2024లో, 11,062 పోస్టులతో. కాబట్టి టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మాత్రం ఇప్పుడే రాసి పెట్టుకోండి, అందులో వచ్చిన మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది, పాస్ అయితే చాలనుకుని వదిలేయకండి. వచ్చాక సర్వేలు, ఎలక్షన్ డ్యూటీలు, ఆన్‌లైన్ ఎంట్రీలు ఉంటాయి. అవన్నీ తిట్టుకుంటూ చేసేస్తాం.

అసలు కష్టం క్లాసులోనే. ఎనిమిదో తరగతికి సమీకరణాలు చెప్తుంటే ఒక అబ్బాయికి ప్రతి జవాబూ తప్పే వస్తోంది. ఎక్స్‌ని ఇటు తేవడం, సంఖ్యని అటు పంపడం అన్నీ సరిగ్గానే చేస్తాడు, చివర్లో తప్పు. నెల రోజులు వాడికి శ్రద్ధ లేదనే అనుకున్నాను, రెండుసార్లు అందరి ముందూ అరిచాను కూడా. ఒకరోజు లంచ్‌లో పక్కన కూర్చోబెట్టుకుని 52లోంచి 17 తీసెయ్ అంటే 45 అని రాశాడు. ఎలా వచ్చిందిరా అంటే, "రెండుల నుంచి ఏడు పోతలేదు కదా మేడం, అందుకే ఏడుల నుంచి రెండు తీసిన" అన్నాడు. ఎన్నేళ్ల నుంచి అలా చేస్తున్నాడో, ఎవరూ అడగలేదు, నాతో సహా.

వాళ్ల నాన్నకి చాయ్ బండి ఉంది, సాయంత్రం గల్లా వీడే చూసుకుంటాడు. పర్సులోంచి ఐదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు తీసి చేతిలో పెట్టి, నాకు పదిహేడు ఇవ్వు అన్నాను. కాసేపు వాటినే చూసి, "చిల్లర లేదు మేడం" అన్నాడు. మరి బండి దగ్గరైతే ఏం చేస్తావు? "పది నోటు పక్కన పాన్‌డబ్బాల ఇడిపిస్త." ఆ మాట అంటూనే ఆగిపోయి కాగితం లాక్కుని, ఐదు కొట్టేసి నాలుగు చేసి, రెండు పక్కన ఒకటి పెట్టి పన్నెండు చేసి, ముప్పై ఐదు రాసి నా మొహం చూశాడు. నాకు ఆ రోజు అన్నం చల్లారిపోయింది, తిన్నానో లేదో కూడా గుర్తులేదు.

ఇలాంటిది ఏడాదికి రెండు మూడుసార్లు జరుగుతుందేమో, అంతే. మిగతా రోజుల్లో గొంతు పోవడం, నోట్సులు దిద్దడం, సంక్రాంతికి ఊరెళ్లి పదిరోజులైనా రాని పిల్లల ఇళ్లకి ఫోన్లు. ఈ లెక్క మీకు గిట్టుబాటయితే చేరండి. ఆ అబ్బాయి ఇప్పుడు పదో తరగతిలో ఉన్నాడు, మొన్న ఎఫ్‌ఏ (స్కూల్లో మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్ష) పేపర్లో తీసివేత తప్పు ఒక్కటీ లేదు, గుణకారంలో మాత్రం రెండు.