‘బాగానే ఉంది’ అంటే బాగున్నట్టా?

సందేహం: మా వీధి కుర్రాడొకడు సొంతంగా పాట రాసుకుని, తనే ట్యూన్ కట్టి, గిటారు వాయిస్తూ పాడి యూట్యూబులో పెట్టాడు. కొంత ఆర్కే బీచిలో, కొంత ఇంట్లో రికార్డు చేశాడట. లింకు పంపి ఎలా ఉందో చెప్పమంటే ఇలా రాశాను: “పాట బాగానే ఉంది బాబూ. బాణీ బాగుంది కానీ గాత్రంలో అపశృతి దొర్లింది. ఇంకా సాధన చేసి ఉంటే బాగుండేది. మొత్తం వినీసాను. నీలాంటివాళ్ళను మేమే ప్రోత్సాహించాలి.” నేను మంచి మాటే చెప్పాననుకున్నాను. అతను ముఖం చిన్నబుచ్చుకున్నాడని వాళ్ళమ్మగారు అన్నారు. నా తెలుగులో ఎక్కడ తేడా కొట్టింది? ఇలా తామే రాసి, స్వరపరచి, పాడేవాళ్ళను వాగ్గేయకారులు అనవచ్చా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: తేడా మొదటి వాక్యంలోనే, అదీ ఒక్క అచ్చులో ఉంది. ‘బాగుంది’ అంటే మెచ్చుకోలు. ‘బాగానే ఉంది’ అంటే ఒప్పుకోలు. బాగా అన్న మాటకు ‘ఏ’ చేరి, నడుమ నకారం వచ్చి ‘బాగానే’ అయింది. ఈ ‘ఏ’ను వ్యాకరణాలు అవధారణార్థకం అంటాయి, అంటే నొక్కి చెప్పేది. నామవాచకం మీద పడితే అది నిజంగానే బలం ఇస్తుంది: ‘నీ గొంతే ఈ పాటకు ప్రాణం.’ ‘బాగా’ మీద పడితే మాత్రం ఎదురు తిరుగుతుంది. ఎవరో బాగాలేదన్నట్టు, లేదా బాగుండదని మనం అనుకున్నట్టు, ఇప్పుడు తప్పక ఒప్పుకుంటున్నట్టు ధ్వనిస్తుంది. ‘పెళ్ళిలో భోజనాలు బాగానే ఉన్నాయి’ అన్నారంటే పక్కవాడు వెంటనే ‘ఏం, ఏమైంది?’ అని అడుగుతాడు. కుర్రాడూ అలాగే తర్వాత రాబోయే ‘కానీ’ కోసం ఎదురుచూసి ఉంటాడు. రెండో వాక్యంలో మీరు దాన్ని ఇచ్చారు కూడా.

‘మాత్రం’ కూడా ఈ కోవలోదే. ‘గిటారు మాత్రం బాగుంది’ అంటే మిగతాది బాగాలేదని. అదే ‘గిటారు కూడా బాగుంది’ అంటే మిగతాదీ బాగున్నట్టే. పొగడ్తలో ‘కూడా’ రాసేవాళ్ళు తక్కువ. రాయకపోవడానికి కారణం ఏమీ లేదు, అలవాటు లేకపోవడం తప్ప.

‘బాణీ బాగుంది కానీ...’ అన్న వాక్యంలో ‘కానీ’కి ముందున్నదంతా కొట్టుకుపోతుంది. మెచ్చుకోలును ఒక వాక్యంగా ముగించి చుక్క పెట్టండి. సవరణను వేరే వాక్యంలో, చోటు పేరుతో మొదలుపెట్టండి: ‘రెండో చరణం చివర...’ అని. చోటు చెప్పిన సవరణ ఆ చోటికే పరిమితం. చోటు చెప్పనిది మొత్తం పాటకూ, ఇంకాస్త పైకెళ్తే మనిషికీ అంటుకుంటుంది. నిమిషం, సెకను చెబితే మరీ మంచిది: ‘1:40 దగ్గర’ అంటే అతను వెతుక్కోనక్కరలేదు.

ఇక ‘బాగుండేది’. ఇది జరగని పనికి విచారం చెప్పే రూపం, తలుపు మూసేస్తుంది. ‘సాధన చేస్తే ఇంకా బాగుంటుంది’ అని ఉంటే తలుపు తెరిచే ఉండేది. ‘చేసి ఉంటే’ అనడంలో ‘నువ్వు చేయలేదు’ అన్న ఆరోపణా దాగుంది. అతను నెలల తరబడి చేశాడో ఏమో మనకేం తెలుసు? సూచన చెప్పడానికి తెలుగులో చక్కని సహాయక్రియ ఉంది, ‘చూడు’. ‘మార్చాలి’ అంటే ఆజ్ఞ. ‘మారిస్తే మంచిది’ అంటే సలహా. ‘మార్చి చూడండి’ అంటే నిర్ణయం పాడినవాడి చేతిలోనే ఉంచి చెప్పినట్టు. ‘పల్లవి రెండోసారి గిటారు లేకుండా పాడి చూడండి’ అంటే ఎవరూ నొచ్చుకోరు.

కర్త సంగతీ ఉంది. ‘నువ్వు తాళం తప్పావు’, ‘అక్కడ తాళం తప్పింది’ – రెండూ ఒకే తప్పు చెబుతాయి. రెండోదానిలో తప్పింది తాళం, మనిషి కాదు. తెలుగులో అకర్మక క్రియలు ఇలాంటి పనికి అక్కరకొస్తాయి: తప్పింది, జారింది, మునిగింది, చిట్లింది.

‘వినీసాను’ గురించి. మీ విశాఖ మాటలో ‘వచ్చీసాను’, ‘తినీసాను’ సహజం. మిగతాచోట్ల ‘వచ్చేశాను’, ‘తినేశాను’. ఇందులో తప్పేం లేదు, మార్చుకోనక్కరలేదు. అయితే ‘వేయు’ చేరిన క్రియకు ‘పని పూర్తిచేసి వదిలించుకోవడం’ అనే ఛాయ ఉంది. మీ ప్రాంతంలో ఈ రూపం ధారాళంగా వాడడం వల్ల ఆ ఛాయ పలచబడింది, కాబట్టి మీ వీధి కుర్రాడు దీనికి నొచ్చుకుని ఉండడు. ఆ మాటే అనంతపురంలో పాట కట్టినవాడికి రాస్తే మాత్రం పాటను మందులా మింగినట్టుంటుంది. ‘రెండుసార్లు విన్నాను’ అనండి. పాటవాళ్ళకు అంతకు మించిన మాట లేదు, నిజంగా విని ఉంటే.

ఇక అసలు గొడవ, అపశృతి. ముందు అక్షరం. అది ‘శ్రుతి’, ‘శృతి’ కాదు. ‘శ్రు’ అంటే వినడం. శ్రవణం, శ్రోత, శ్రావ్యం అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. వేటిలోనూ ఋకారం లేదు. ‘శ్రుతి, స్మృతి’ అని జంటగా చెబుతుంటాం కదా, స్మృతిలో ఉన్న ఋకారం పక్కవాడికి అంటుకుంది.

తర్వాత అర్థం. ‘ఉత్సవంలో అపశ్రుతి’ అని పత్రికలో శీర్షిక చూస్తే రథం కిందో, తొక్కిసలాటలోనో ఎవరో దెబ్బతిన్నారని అర్థం. ఆ మాటకు ఇప్పుడు ప్రమాదం వాసన పట్టేసింది. పాట గురించి రాసేటప్పుడు వాడకపోతేనే మేలు. పైగా అది ఏ తప్పో చెప్పదు. శ్రుతి అంటే పాటంతటికీ ఆధారంగా మోగే స్థాయి, తంబురా గానీ శ్రుతిపెట్టె గానీ ఇచ్చేది. ఆ స్థాయికి గొంతు కాస్త కిందో పైనో నిలిస్తే ‘శ్రుతి జారింది’ అంటారు. ఆ రాగంలో లేని స్వరం పడితే అది అపస్వరం. మొదటిది వినికిడితో, సాధనతో కుదురుతుంది. రెండోది ట్యూన్ తప్పుగా గుర్తుండడం వల్ల వస్తుంది. అయినా అతని సొంత ట్యూన్‌లో ఆ స్వరం కావాలనే వేసుకున్నాడేమో అడిగి తెలుసుకోవాలి తప్ప తీర్పు చెప్పలేం.

‘శ్రుతి తగ్గింది’ అనే మాటతోనూ జాగ్రత్త. జారిందనా, కింది శ్రుతిలో పాడారనా? హార్మోనియం లెక్కలో ఒకటో శ్రుతి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, ఆ తర్వాత నాలుగు. మూడున్నర ఉండదు, ఆ రెండు తెల్లమెట్ల మధ్య నల్లమెట్టు లేదు కాబట్టి. చరణంలో పై షడ్జమం, అంటే పై ‘స’, అందుకునేటప్పుడు గొంతు బిగుసుకుంటుంటే, చాలాసార్లు ఆ పాటకు ఎంచుకున్న శ్రుతే ఎక్కువ. ‘చరణంలో పైకి వెళ్ళేచోట గొంతు బిగుస్తోంది, అర శ్రుతి దించి పాడి చూడండి’ అంటే అది పనికొచ్చే మాట. గిటారు మెడ మీద తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపును కేపో అంటారు. అది వాడే గిటారువాళ్ళు దాన్ని ఒక గడి వెనక్కి జరిపితే సరిపోతుంది.

‘గాత్రం’ సంస్కృతంలో శరీరం. సంగీతంలో వీణ వంటి వాద్యాలకు ఎదురుగా శరీరం నుంచి వచ్చే సంగీతానికి ఆ పేరు నిలిచింది. కచేరీ కరపత్రంలో ‘గాత్రం: ఫలానావారు’ అన్నచోట అది అందంగా ఉంటుంది. ఇరుగుపొరుగు కుర్రాడి పాటకు ‘గొంతు’ చాలు. ఒక చిక్కుంది: ‘గొంతు బాగుంది’ అంటే పొగడ్తే, ‘గొంతు బాగోలేదు’ అంటే మాత్రం జలుబు చేసిందా అని అడుగుతారు.

మీరు గమనించారో లేదో, పాడిన తప్పూ రికార్డింగు తప్పూ వేరు. తెలుగులో రెంటినీ ‘గొంతు సరిగా లేదు’ అనేస్తాం. పాడినవాడు తన గొంతే చెడ్డదనుకుని కుంగిపోతాడు. వాద్యాల మోతలో మాట వినబడకపోతే ‘గొంతు వాద్యాల కింద మునిగింది’ అనండి, అది మిక్సింగులో, అంటే గొంతునూ వాద్యాలనూ కలిపేటప్పుడు, సరిచేసుకునేది. గట్టిగా పాడినచోట బరబరమంటే ‘శబ్దం చిట్లింది’ అనండి. రికార్డింగు స్థాయి హద్దు దాటి తరంగం తల తెగిందన్నమాట. తర్వాత ఎంత తగ్గించినా పోదు, స్థాయి తగ్గించుకుని మళ్ళీ పాడాల్సిందే. బీచిలో రికార్డు చేశానన్నాడు కాబట్టి ‘బుస్సు’మనే గాలి మోత ఉండే ఉంటుంది. మైకుకు బొచ్చు తొడుగు వేస్తే తగ్గుతుంది. లేదా గొంతు ఇంట్లో రికార్డు చేసి, బొమ్మ మాత్రం బీచిలో తీసుకుంటే సరి. ఇంట్లో పాడిన భాగం డొల్లగా, గది మోగుతున్నట్టుంటే పరుపులు, దుప్పట్లు ఉన్న గది మంచిది. దాన్ని ‘ఎకో’ అనేస్తుంటారు. పాఠ్యపుస్తకాల మాటల్లో చెప్పాలంటే విడిగా తిరిగి వినబడేది ప్రతిధ్వని, గదిలో కలగలిసి సాగేది ప్రతినాదం. చిన్న గదిలో వచ్చేది రెండోది.

వ్యాకరణం చదివినవాళ్ళకు ఇక్కడ చిన్న లాభం ఉంది. మైకు దగ్గర ‘టప్’ మని పేలేవి ఓష్ఠ్యాలు: ప, ఫ, బ, భ. పెదవులు మూసి తెరిచేటప్పుడు గాలి ఒక్కసారిగా మైకును తాకుతుంది. ‘మ’ కూడా ఓష్ఠ్యమే, అయినా గాలి ముక్కులోంచి పోతుంది కాబట్టి అది పేలదు. మైకును 15–20 సెంటీమీటర్ల దూరంలో, నోటికి సూటిగా కాక కాస్త పక్కకు తిప్పి పెట్టుకుంటే, నడుమ వలతెర (పాప్ ఫిల్టర్) ఉంటే ఈ బాధ తీరుతుంది. చెవిలో గుచ్చుకునేవి శ, ష, స. ఊష్మాల్లో నాలుగోదైన ‘హ’ పాపం ఏమీ చేయదు. ఫలానా మాటలో ‘స’ గుచ్చుకుంటోందని రాస్తే మిక్సింగు చేసేవాడికి ఏ మీట తిప్పాలో తెలిసిపోతుంది. ఫోను స్పీకరులో విని మాత్రం ఈ తీర్పులు చెప్పకండి, అందులో మంద్రస్వరాలు సగం వినబడవు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

మీవంటి భాషాప్రియులు సంగీతకారులకంటే బాగా పట్టుకోగలిగేది మరొకటి ఉంది, మాటకూ ట్యూన్‌కూ పొత్తు. తెలుగులో హ్రస్వం దీర్ఘమైతే మాటే మారిపోతుంది. ‘కల’లో ‘క’ మీద రెండు తాళపు దెబ్బలసేపు నిలిస్తే ‘కాల’ అవుతుంది, ‘మది’ ‘మాది’ అవుతుంది. సాగదీయాల్సి వస్తే మాట చివరి అక్షరం మీద సాగదీస్తే నష్టం తక్కువ. ఊపిరి తీసుకునే చోటూ అంతే. ‘నీ రాక కోసం’ అన్నదాన్ని ‘నీరా’ దగ్గర ఆపి ‘కకోసం’ అని అందుకుంటే ప్రేమగీతం కాస్తా తాటిచెట్టు ఎక్కుతుంది. ఇలాంటిది దొరికితే తప్పకుండా చెప్పండి. పాడేవాడికి మాటలు ముందే తెలుసు కాబట్టి తనంతట తనకు ఎప్పటికీ వినబడదు.

‘బాణీ’ తప్పు కాదు. విజయనగరం సంగీత కళాశాలతో పరిచయం ఉన్నవాళ్ళకు ‘ద్వారం వారి బాణీ’ అంటే వెంకటస్వామి నాయుడుగారి వాయులీన శైలి. సినిమావాళ్ళకు బాణీ అంటే ట్యూన్. జానపదులు ‘వరస’ అంటారు. ఏదైనా సరే. నాకైతే వరస ఇష్టం, ‘కొత్త వరస కట్టావు’ అంటే చెవికి ఇంపుగా ఉంటుంది.

‘ప్రోత్సాహించు’ అనే క్రియ లేదు. నామవాచకం ప్రోత్సాహం, క్రియ ప్రోత్సహించు. అయినా ఆ వాక్యమే తీసేయమంటాను. ‘మేమే ప్రోత్సహించాలి’ అంటే వేరెవరూ మెచ్చరన్న జాలి అందులో ఉంది.

మొత్తం కలిపి, మీరు చెప్పదలచుకున్నది ఇలా ఉండొచ్చు: “బాబూ, నీ పాట రెండుసార్లు విన్నాను. పల్లవి వరస వెంటనే పట్టుకుంది, ఇంకా నోట్లో ఆడుతోంది. గిటారు కూడా బాగుంది. రెండో చరణం చివర పైకి వెళ్ళేచోట శ్రుతి కాస్త జారింది. అర శ్రుతి దించి పాడి చూడు. బీచిలో పాడిన ముక్కలో గాలి మోత మాటను మింగేసింది. తర్వాతి పాట పెట్టగానే నాకు పంపు.” ఎదుట తెలిసిన పిల్లవాడు కాబట్టి ‘నువ్వు’, ‘బాబూ’ సరిపోయాయి. ముఖం తెలియనివాడైతే ఎంత చిన్నవాడైనా ‘మీరు’.

వాగ్గేయకారులు అనవచ్చా అంటే, అర్థం ప్రకారం నిరభ్యంతరంగా. వాక్కునూ గేయాన్నీ రెండింటినీ కూర్చేవాడు వాగ్గేయకారుడని 13వ శతాబ్దంలోనే శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో నిర్వచించాడు. వాడుకలో మాత్రం ఆ మాట వినగానే అన్నమయ్య, త్యాగయ్య కళ్ళముందు నిలుస్తారు. మొదటి పాట పెట్టిన ఇరవయ్యేళ్ళవాడికి ఆ బిరుదు ఇస్తే ఎగతాళి చేస్తున్నారనుకుంటాడు. ‘సొంత పాట’ అనండి. ‘ఒరిజినల్’కు అదే సరైన తెలుగు. ‘అసలు పాట’ అంటే దీనికి నకలు వేరే ఉందన్న అర్థం వస్తుంది. ఎప్పుడైనా వాగ్గేయకారుడని రాయాల్సివస్తే వాక్ + గేయ కలిసి ‘వాగ్గేయ’ అవుతుంది, గకారానికి గకారమే ఒత్తు. ‘వాగ్యేయ’ అని యావత్తు పెట్టి రాస్తున్నారు, అది తప్పు.