ముందు గడియారాన్ని అనుమానించు

చిరంజీవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ బుల్లి ఉపగ్రహం కక్ష్యను దాని రేడియో సంకేతం నుంచే లెక్కగడతావని మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో, అంత కంగారూ పడ్డాను. 2017లో పీఎస్‌ఎల్‌వీ-సీ37 ఒకేసారి 104 ఉపగ్రహాలను వదిలింది. అలాంటి గుంపులో ఏది మీదో రాడార్ జాబితా వెంటనే చెప్పలేదు. మీ బీకన్, అంటే మీ ఉపగ్రహం పంపే రేడియో కూత, చెబుతుంది, సరిగ్గా వింటే.

యాంటెనాకు ఆకాశం అడ్డులేకుండా చూసుకో. రిసీవర్‌ను కాసేపు వేడెక్కనివ్వు. రికార్డు చేసేటప్పుడు డాప్లర్ సవరణ (ఉపగ్రహ వేగం వల్ల పౌనఃపున్యంలో వచ్చే మార్పును సాఫ్ట్‌వేర్ ముందే సరిదిద్దడం) ఆపేయి, లేకపోతే పాత అంచనాయే నీకు కొలతగా తిరిగొస్తుంది.

437 మెగాహెర్ట్జ్ బీకన్ దిగంతం దగ్గర సుమారు 10 కిలోహెర్ట్జ్ ఎక్కువగా వినిపించి, దూరమయ్యేటప్పుడు అంతే తగ్గుతుంది. సమయంతో పాటు పౌనఃపున్యాన్ని గీస్తే వచ్చే వంపు మధ్యలో ఎంత నిటారుగా ఉంటే అంత దగ్గరగా వెళ్లినట్టు. 1957లో స్పుత్నిక్ కూత విని అమెరికా శాస్త్రవేత్తలు గైయర్, వైఫెన్‌బాక్ కక్ష్య రాబట్టింది ఈ వంపు నుంచే. పత్రాల్లో రాసిన పౌనఃపున్యాన్ని మాత్రం నమ్మకు. దాన్ని పుట్టించే స్ఫటికం ఎండకూ నీడకూ మారుతుంది. పౌనఃపున్యాన్నీ తెలియని రాశిగా పెట్టి ప్రతి పాస్‌కూ, అంటే ఉపగ్రహం మీ ఆకాశం దాటే ప్రతిసారీ, విడిగా సాధించు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. మా బృందంలో ఒక చురుకైన కుర్రవాడు ఉండేవాడు. అతని లెక్క అద్దంలా కుదిరింది, కొలతకూ లెక్కకూ తేడా కొన్ని హెర్ట్జ్‌లే. అందరం భుజం తట్టాం. ఆ కక్ష్యను నమ్మి వేరే కేంద్రంవాళ్లు సన్నని పుంజం గల డిష్ తిప్పితే ఏమీ వినిపించలేదు. అతని కంప్యూటర్ గడియారం రెండు సెకన్లు తప్పు. ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పోతుంది, అంటే 15 కిలోమీటర్ల దూరం! దారుణం ఏమిటంటే, గడియారం అన్ని పాస్‌లలోనూ ఒకే మేర తప్పితే లెక్క మారుమాట్లాడదు. ఉపగ్రహాన్ని దాని దారిలోనే కాస్త ముందుకో వెనక్కో జరిపి, కక్ష్యాతలాన్ని రవ్వంత తిప్పి, అంతా బాగుందంటుంది. తేడాలు చిన్నవిగా ఉన్నాయని మురిసిపోవద్దనేది అందుకే. అతణ్ని అందరితో పాటు నేనూ తిట్టాను. తరవాత ఎవరూ చూడకుండా వెళ్లి నా గడియారం సరిచూసుకున్నాను.

జీపీఎస్ రిసీవర్ ప్రతి సెకనుకూ ఇచ్చే పల్సుతో నీ గడియారాన్ని సరిపెట్టు. అయినా సాఫ్ట్‌వేర్ బఫర్‌లో (డేటా కాసేపు ఆగే చోట) ఆలస్యం దాగి ఉంటుంది. కక్ష్య బాగా తెలిసిన మరో ఉపగ్రహాన్ని ముందుగా రికార్డు చేసి ఇదే లెక్క వెయ్యి. అది దారిలో ఎంత జరిగి కనిపిస్తే అంత నీ సమయదోషం. ఒక్క పాస్‌తో ఉపగ్రహం నీకు ఎడమగా వెళ్లిందో కుడిగా వెళ్లిందో కూడా గట్టిగా తేలదు. దూరంగా ఉన్న మరో కేంద్రం కొలతలు అడుగు, మొహమాటపడకు. చిన్నప్పుడూ అంతే, దాహమేసినా అడిగేదానివి కాదు.

రాత్రి పాస్‌లన్నీ నువ్వే కాయకు తల్లీ, వంతులు వేసుకోండి. తెలిసిన ఉపగ్రహంతో పరీక్షించాక సమయదోషం ఎంతో నాకు రాయి. సరిగ్గా సున్నా అని రాశావో, ఫోను చేసి మరీ తిడతాను.

నీ పెద్దమ్మ